ఐసు ఖర్చు

ఆరున్నరకి హార్బర్లో ఐసు ఫ్యాక్టరీ గేటు మూసి
పెదజాలరిపేట సందులోకి తిరిగేసరికి
మా గుమ్మంలో అప్పుడే నాలుగు జతల చెప్పులు.
ఒక జతలో రెండూ ఎడమవే.

నేను మాస్టార్ని కాను.
పదో తరగతి మూడో దండయాత్రలో గట్టెక్కినవాణ్ణి.
పాతికేళ్లుగా ఎన్ని దిమ్మలు బయటికెళ్లాయో,
బండెక్కేలోపే ఎన్ని నీళ్లయ్యాయో
చిట్టాలో రాసే గుమస్తాని.
ఆ నీళ్ల లెక్క చూసే కాబోలు
ఈ పిల్లలు నన్ను లెక్కల మావయ్యని చేశారు.

ఎల్లాజీకి భిన్నాలంటే భయం.
కింద పెద్దంకె ఉంటే ముక్క పెద్దదనుకుంటాడు.
తప్పని అనలేదు.
పావు దిమ్మా, అర దిమ్మా రేపొచ్చి మోసి చూడమన్నాను.
నవ్వాడు. తర్వాత ఆలోచించాడు.
నేను చూడట్లేదనుకుని రబ్బరు తీశాడు.

పెన్సిలు ఆగిన చోటల్లా నాకు నాలుక దురద.
జవాబు పళ్ల వెనక నిలబడి తలుపు తడుతుంది.
కానీ దిమ్మని చేత్తో పట్టుకునే ఉంటే
కరిగించేది ఎండ కాదు, మన చెయ్యే.
రంపప్పొట్టు పోసి, గోనె కప్పి
పక్కన కూర్చోవాలి.
పాఠం చెప్పడంలో నాకొచ్చిన విద్య ఇదొక్కటే.

ఆ రోజు జాహ్నవి ఆగింది.
"ఒక వర్తకుడు కిలో నూట ఇరవై చొప్పున
ఇరవై అయిదు కిలోల చేపలు కొని
నూట యాభై చొప్పున అమ్మెను. లాభశాతమెంత?"
గోనె కప్పి కూర్చున్నాను.
ఎంతకీ కదలదు.
గుణకారం రాక కాదు, ఆ పిల్లకి నోటితోనే వస్తుంది.

"మరి ఐసు డబ్బులేటయ్యాయి మావయ్యా?

ఆటో? హార్బరు నుంచి ఎంవీపీ కాలనీ దాకా
ఊరికే తీసుకెళ్తాడేటి?
మూడు దాటాక మెత్తబడిపోతే
ఎనభైకైనా వదిలీయాలి గదా?"

నూకరత్నం కూతురు మరి.
పుస్తకంలో వర్తకుడికి చెమటే పట్టదు.
వాడి చేపకి వాసనే రాదు.

సరే, రాయమన్నాను.
ఐసు నూట యాభై. ఆటో నూట యాభై.
ఇరవై కిలోలు అసలు రేటుకి, అయిదు ఎనభైకి.
కలిపింది, తీసేసింది, మళ్లీ తీసేసింది.
వంద మిగిలింది.
గదిలో ఎవరూ మాట్లాడలేదు.
ఎల్లాజీ కూడా తలెత్తాడు.

శాతం కట్టింది. మూడు పాయింటు
సున్నా మూడు సున్నా మూడు సున్నా మూడు
"ఆగదేటి మావయ్యా ఇది?"
ఆగదమ్మా.
కిటికీలోంచి దూరంగా డాల్ఫిన్ నోస్ మీద దీపం,
ఓసారి ఉంది, ఓసారి లేదు.

ఏది రాయాలి?
పుస్తకం చేతులు మారి వచ్చింది. జవాబుల పేజీల్లో
ఎవరో ఎండు మెత్తళ్లు పొట్లం కట్టేశారు.
అక్కడ ఇరవై అయిదని ఉంటుందని నాకు తెలుసు.
మార్కులూ దానికే.
చెప్పాను, చిట్టా వైపు చూస్తూ.

ఇరవై అయిదు పెన్నుతో రాసింది.
దాని కింద, పెన్సిలుతో, అమ్మ లెక్క.

మర్నాడు నోట్సు తెచ్చి నా ముందు పరిచింది.
పెన్నుకి ఎర్ర టిక్కు.
పెన్సిలు పక్కన, టీచరమ్మ చిన్న అక్షరాలు:
"ఆటోలో నలుగురు కలిసి వెళ్తే?"

నేనింకా కళ్లజోడు వెతుక్కుంటున్నాను.
"నూట యాభై బై నాలుగు," మూలనుంచి ఎల్లాజీ.
"కిందంకె పెరిగితే తగ్గిపోతాదే గదా!"
అని, తనన్న మాటకి తానే ఉలిక్కిపడి
నా మొహం చూశాడు.
నేనేమీ అనలేదు.

వెళ్లేటప్పుడు మళ్లీ
రెండూ ఎడమవే వేసుకుపోయాడు.